అమ్మ దగ్గు

దయ్యాలంటే నాకు నవ్వే. చిన్నప్పుడు సమాధుల తోట పక్క నుంచి ఒక్కదాన్నే ట్యూషన్‌కు పోయి వచ్చేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే లేచి నా పని చూసుకుంటాను. ఇదొక్కటి మాత్రం నా చెవులతో నేను విన్నది.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. మేముండేది నారాయణఖేడ్‌లో. మా బాపుకు మలద్వారం పైన క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ఆ దారి మూసేశారు. పొట్టకు ఎడమ పక్కన రంధ్రం చేసి పేగు కొసను బయటికి తెచ్చారు. దాన్ని స్టోమా అంటారట. దాని మీద సంచి అంటించుకోవాలి. సంచి నిండుతున్నా మనిషికి తెలియదనీ, తడిమి చూసుకుంటూ ఉండాలనీ నర్సు చెప్పింది.

బాపు నొప్పిని ఓర్చుకున్నాడు కానీ నలుగురిలోకి రావాలంటే భయపడ్డాడు. చర్చి మానేశాడు. అక్కడ చివరి ప్రార్థన ఎప్పుడూ ఆయనదే. వానల నుంచి ఊళ్ళో ఎడ్ల దాకా అందరి కోసమూ అడుగుతాడు, ఇక ఒళ్ళు తెలియదు. అమ్మ బతికున్న రోజుల్లో ఆడవాళ్ళ వైపు కిటికీ పక్కన కూర్చునేది. బాపు మరీ సాగదీస్తే రెండుసార్లు దగ్గేది. ఆయన వెంటనే ఆమెన్ అనేవాడు. చర్చంతా ముసిముసిగా నవ్వుకునేది.

అలాంటి మనిషి ఇంట్లో మాట్లాడటమే మానేశాడు. చూడలేక, ఒక ఆదివారం బయల్దేరమని పట్టుబట్టాను.

"నడుమ నిండితె ఎట్లనే? అందరి ముంగట ఇజ్జత్ పోతది," అన్నాడు బాపు.

"నేను చూస్త గద బాపూ. అంగి ఉబ్బితె దగ్గుత," అన్నాను.

బాపు మగవాళ్ళ వైపు ముందు కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళ వైపు, అమ్మ చోటు పక్కనే. ఆ చోట ఎవరూ కూర్చోరు, ఖాళీగా వదిలేస్తారు. బాపు చివరి ప్రార్థన మొదలుపెట్టాడు. కావలి కాయడానికి వచ్చినదాన్ని, అందరితో పాటు నేనూ కళ్ళు మూసుకున్నాను! పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు మరి.

కిటికీ వైపు నుంచి దగ్గు వినిపించింది. కాస్త ఆగి, మళ్ళీ ఒకటి. కళ్ళు తెరిచాను. అక్కడ చాప తప్ప ఏమీ లేదు. కిటికీ బయట కూడా ఎవరూ లేరు. అప్పటికే బాపు ఆమెన్ అనేసి, తువ్వాల పొట్టకు అడ్డం పట్టుకుని బయటికి నడుస్తున్నాడు.

వెనకున్న బాత్రూంలో చూస్తే సంచి ఉబ్బిపోయి ఒక అంచు ఊడుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే అందరి ముందూ కారిపోయేది.

సంచి మార్చుకున్నాక, "మంచిగ దగ్గినవ్ బిడ్డా. అచ్చం మీ అమ్మ లెక్కనే," అన్నాడు.

"నేను దగ్గలే బాపూ. కండ్లు మూసుకున్న."

బాపు కళ్ళ నిండా నీళ్ళు. తుడుచుకుని, "వచ్చే వారం గూడ పోదాం," అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

చుట్టుపక్కల కూర్చున్నవాళ్ళను అడిగాను. తాము దగ్గలేదన్నారు. ఒకామె మాత్రం తనకూ వినిపించిందనీ, అది నా దగ్గే అనుకున్నాననీ చెప్పింది. అదేమిటో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. మళ్ళీ ఎప్పుడూ వినిపించలేదు.

బాపు ఇక ఒక్క ఆదివారమూ మానలేదు. ప్రార్థన మాత్రం మునుపటికన్నా పొడుగైంది. "జర జల్దీ ముగించరాదు బాపూ, అందరు ఆకలితోని ఉన్నరు," అని ఒకసారి కోప్పడ్డాను.

"మీ అమ్మ ఇంక దగ్గలే గద బిడ్డా," అన్నాడు.