దేవుడి పిడికెడు

ఇందాక మా కోడలు కుక్కర్లో బియ్యం పోసి నేరుగా కుళాయి కింద పెట్టేసింది. నా ప్రాణం ఉసూరుమంది.

ఎనభైల్లో మన పేటలో పెరిగిన ఆడపిల్లలకి గుర్తుండే ఉంటది. ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి దేవుడి ముంతలో వేసేవాళ్ళం. ఆదివారం ఆ ముంత చర్చికి పోయేది. మిరపకాయలు కోసొచ్చిన అమ్మ చేతులు భగభగ మండేవి. అందుకని ఆ పిడికెడు నాచేత తీయించేది. నేనేమో ఆకలికి వేళ్ళు వదులు చేసి, సగం గింజలు మళ్ళీ చేటలోకే జార్చేదాన్ని.

ఒకరోజు అమ్మ చూసేసింది. "నిండుగా తియ్యి తల్లీ. రేపు నీ పిల్లలకి దేవుడు పెట్టాలిగా" అంది. ఆ పూట తను గంజితో సరిపెట్టుకుంది.

దేవుడు పెట్టాడు. నా కొడుకు మాస్టారు, కూతురు నర్సు. అదంతా అమ్మ దేవుడి మాట విన్న ఫలమే. మరి రేపు నా మనవరాలికి పుట్టబోయే పిల్లల కోసం ఎవరు తీసిపెడతన్నారు? కోడలితో అంటే, "చర్చికి ఇచ్చేది ఇస్తున్నాంగా అత్తయ్యా, బియ్యం ఎవరు మోస్తారు?" అంది.

మండిపోయి, బడికెళ్ళే మనవరాల్ని పిలిచి పిడికెడు తియ్యమన్నా.

"ఎందుకు నాయనమ్మా?"

"చెప్పింది చెయ్యవే, నీకెందుకు!" అని కసిరా. అది మొహం ముడుచుకుని పోయింది.

దొంగతనం చేసిన నాకు అమ్మ ఎందుకో నిదానంగా చెప్పింది. ఎందుకని అడిగిన పిల్లని నేను కసిరాను. మా దాకా వచ్చిన దీవెన నా నోటి దురుసుతో ఇక్కడే ఆగిపోద్దేమోనని భయమేస్తందమ్మా.