డాక్టరమ్మ అగ్గిపెట్టె

మా డాక్టరమ్మ పోయారని కోవిల్‌పట్టి నుంచి కబురు వచ్చినప్పుడు, నేను విరుదునగర్‌లో నా క్లినిక్‌లో ఒకరి దవడ పన్ను శుభ్రం చేస్తున్నాను. చేతిలో పని ఆపలేదు. సగంలో వదిలేస్తే ఆవిడ పాడె మీంచి లేచొచ్చి తిట్టేవారు. పేషెంటు వెళ్లాక తనివితీరా ఏడ్చాను.

తొంభైల్లో పళ్ల వైద్యం చదువు ముగించి కోవిల్‌పట్టిలో ఆవిడ దగ్గర పనికి చేరాను. అక్కడ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పనిచేసే మన తెలుగువాళ్లు పన్ను ఎక్కడ పీకించుకున్నా, దాన్ని ఖాళీ అగ్గిపెట్టెలో వేసి డాక్టరమ్మకు తెచ్చిచ్చేవారు. అడిగి అడిగి ఆవిడే అలవాటు చేశారు. మధ్యాహ్నాలు వాటిని కోసి, లోపల నరం ఉండే కాలువలు చూడటం నా పని. పైదవడ పెద్ద పంటికి మూడు వేర్లు, మూడు కాలువలు అనుకుంటూ వచ్చినదాన్ని. కోస్తే చాలావాటిలో నాలుగోది బయటపడేది, వెంట్రుకంత సన్నంగా. కొన్నిట్లో అది కడదాకా విడిగా పోయేది, కొన్నిట్లో పక్కదానితో కలిసిపోయేది.

"పుస్తకంలో ఉండేది ఒగ పల్లు, నోట్లో ఉండేది ఇంకొగ పల్లు పాపా. ఒగ కాలువ ఇడిసిపెడితే నొప్పి మళ్లా వస్తాది," అనేవారు.

ఒకామెకు కుడివైపు నాలుగు దొరికాయని, ఎడమవైపూ నాలుగేనని నేను ముందే తేల్చేశాను. "అక్కాసెల్లెళ్లు ఒగే మాదిరి ఉంటారా? తెరిసి సూసి సెప్పు," అని నవ్వారు.

కొన్నేళ్లకు, నేను విరుదునగర్‌లో క్లినిక్ పెట్టుకున్నాక, ఆవిడే బస్సెక్కి నా దగ్గరికి వచ్చారు. తన పైదవడ పంటికి వేరేచోట ఎవరో వైద్యం చేశారు, నొప్పి పోలేదు, పీకించుకోమన్నారు. ఆవిడ కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఖాళీ అగ్గిపెట్టె తీసి నా ట్రేలో పెట్టారు.

"దేవులాడి సూడు. దొరకలేదంటే పీకి, దీంట్లో ఏసి నువ్వే పెట్టుకో."

గురువు పన్ను నా చేతిలో ఊడకూడదు. మూడు కాలువలూ ఎవరో నింపే ఉన్నారు. పంటి లోపలి నేలను కొద్దికొద్దిగా గీకి, మందు పోసి చూశాను. ఒకేచోట సన్నటి బుడగలు లేచాయి, కింద ఇంకా నరం మిగిలి ఉందన్న గుర్తు. అక్కడ పెట్టిన సూది నెమ్మదిగా దిగింది. తెరిచిన నోటితో మాట్లాడలేని మనిషి, అడుగుతున్నట్టు నాలుగు వేళ్లు ఎత్తారు. తల ఊపాను.

వెళ్లేటప్పుడు, "పెట్టె మరిచారమ్మా," అన్నాను.

"నాకెందుకు? పల్లు నోట్లోనే ఉండాది గదా!"

పోయిన నెల దాకా ఆ పంటితోనే వేరుశెనగల కడలమిఠాయి కొరికేవారని వాళ్లమ్మాయి ఫోన్‌లో చెప్పింది. పన్ను ఆవిడతోనే వెళ్లింది. అగ్గిపెట్టె నా బల్ల మీదే ఉంది, ఖాళీగా.