లిఫ్టన్న బండిలో చప్పుడు

నా మెకానిక్ షాపుకొచ్చే బండ్లన్నిట్లోకీ నన్ను ఎక్కువ ఏడిపించింది లిఫ్టన్న స్కూటరే. బండి మంచిదే పాపం. దాన్ని నడిపే మనిషితోనే నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఎత్తయిన ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడు కాబట్టి అందరికీ లిఫ్టన్న. స్టూలు మీద కూర్చుని, ఎక్కినవాళ్ళు చెప్పిన అంతస్తు నొక్కడమే ఉద్యోగం. "నాలుగు." "ఏడు." "కిందకి." జనం ఆయనతో మాట్లాడిన మాటలన్నీ ఏరితే ఇవే. "నేనెక్కిన ఎత్తంతా కలిపితే చుక్కలు దాటిపోయేవాణ్ణి మేస్త్రీ. సాయంత్రానికి చూసుకుంటే గానుగెద్దులా మళ్ళీ అక్కడే" అని నవ్వేవాడు.

పెళ్ళి చేసుకోలేదు. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ ఒకే గదిలో ఉండేవాడు. స్కూటరు సందు తిరగ్గానే లోపల్నుంచి ఆవిడ "వచ్చావా?" అనేదట. ఈయన "వచ్చానమ్మా" అనేవాడట. ఆవిడ పోయింది. కొన్నాళ్ళకి ఉద్యోగమూ అయిపోయింది. అప్పుడొచ్చాడు నా దగ్గరికి.

"దూరాలు తిరగాలనుంది మేస్త్రీ. ఈ బండి వెళ్తుందా?"

అరచేతిలో పట్టేంత చక్రాలు, ఎత్తు కనిపిస్తే ఏడ్చే ఇంజను. "బండి వెళ్తుందన్నా. నీ నడుం సంగతి చూసుకో" అన్నాను. వెనక సీటు మీద దుప్పటి, టార్పాలిన్ కట్టుకుని, కాళ్ళ దగ్గర నూనె డబ్బా పెట్టుకుని, పెద్ద రోడ్డెక్కాడు. నేను నవ్వుకుని పనిలో పడ్డాను.

ఆ సాయంత్రమే ఫోను.

"మేస్త్రీ, బండిలో ఏదో చప్పుడొస్తోంది."

"ఎలాంటి చప్పుడు? టకటకానా, కిరకిరానా?"

"సరిగ్గా చెప్పలేను. పెద్ద నది దాటాను. వంతెన మీద గాలి తోసేస్తోంది. ఇప్పుడు బస్సులు ఆగే చోట గది తీసుకున్నాను."

నేను చప్పుడు గురించి అడిగితే ఆయన గది గురించి చెప్తాడు. మర్నాడు సాయంత్రం మళ్ళీ. ఈసారి వెనక చక్రం ఊగుతోందట. ఆ మర్నాడు బ్రేకు పట్టట్లేదట. తిరిగొచ్చాక పాపం అనుకుని బండి మొత్తం విప్పాను. శుభ్రంగా ఉంది. కొండను తవ్వితే ఎలుకైనా దొరకాలి కదా, నాకు అదీ దొరకలేదు. ఆ తర్వాత సముద్రం దాకా వెళ్ళాడు, ఇసుక నేలల్లోకి వెళ్ళాడు. సరిగ్గా నేను కంచం ముందు కూర్చున్నప్పుడే బండికి రోజుకో రోగం. నాకు ఒళ్ళు మండిపోయేది.

"విసుక్కోకు" అంది మా ఆవిడ ఒకసారి. "ఇంట్లో ఆయనకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి చేరానని ఎవరికి చెప్తాడు?"

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంజన్లో పిసరంత తేడా వస్తే పట్టేస్తానని పేరు నాకు. ఆ తర్వాత నేను బండి విప్పడం మానేశాను. ఫోను మాత్రం తీసేవాణ్ణి. "ఆ చక్రం చూద్దాంలే గానీ, తిన్నావా? గది బాగుందా?" అనేవాణ్ణి. ఆయన చాలాసేపు చెప్పేవాడు.

కిందటేడు కొండదారి పట్టాడు. రోడ్డు మేఘాల్లోకి వెళ్ళిపోతుందట, దాని చివరున్న ఊరు చూడాలట. రెండు రోజులు మామూలే, క్లచ్చు జారుతోంది, లైటు మినుకుమంటోంది. మూడోరోజు చీకటి పడ్డా ఫోను రాలేదు. షాపు కట్టేసే వేళయినా ఊరికే స్పానర్లు తుడుస్తూ కూర్చున్నాను. చివరికి మోగింది.

"మేస్త్రీ, బండి బాగుంది. ఏ చప్పుడూ లేదు."

చేతిలో స్పానరు పక్కన పెట్టేశాను.

"కిక్కు కొట్టు. వింటాను."

"ఇప్పుడెందుకులే..."

"కొట్టన్నా!"

ఫోన్లో గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. చిన్నగా అన్నాడు. "కిక్కు దిగట్లేదు మేస్త్రీ."

ఇంజను పట్టేసింది. ఎత్తు మీద వేడెక్కి పిస్టను బిగుసుకుపోయింది. ఎక్కడున్నాడో ఒకటికి నాలుగుసార్లు అడిగితే గానీ చెప్పలేదు. చుట్టుపక్కల ఇల్లు లేదు, షాపు లేదు, రోడ్డు పనివాళ్ళ ఖాళీ రేకుల షెడ్డు ఉంది. అందులో పడుకుంటానన్నాడు. "నువ్వేం కంగారు పడకు, ఏదో ఒక లారీ ఆపుకుంటాలే" అని పెట్టేశాడు.

తెల్లారగానే షాపుకి తాళం వేసి, కొత్త పిస్టను, సిలిండరు, స్పానర్లు సంచిలో వేసుకుని బస్సెక్కాను. రెండు బస్సులు మారి, చివర్లో లారీ పట్టుకుని చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. లిఫ్టన్న షెడ్డు ముందు, లిఫ్టులో కూర్చున్నట్టే, వీపు నిటారుగా పెట్టి రాయి మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీదున్నాయి. ఆ పక్క నించి ఎన్ని లారీలు పోయి ఉంటాయి! ఒక్కదాన్నీ ఆపలేదు.

నన్ను చూసి లేచాడు. నాకు బోలెడు కోపం వచ్చింది.

"లేని రోగాలన్నీ చెప్పావు. బండి నిజంగా చచ్చినప్పుడు బాగుందంటావా? ఏం మనిషివన్నా నువ్వు?"

ఆయన బండి వైపు చూస్తూ చెప్పాడు.

"లేనివైతే నువ్వు రానక్కర్లేదు కదా మేస్త్రీ. ఉన్నది చెప్పాక నువ్వు రాకపోతే? ఆ తర్వాత నేనెవరికి ఫోన్ చెయ్యను?"

నేను బండి పక్కన కూర్చున్నాను. "ఆ స్పానరందుకో" అన్నాను. నట్లు విప్పుతుంటే ఆయన ఒక్కొక్కటే తీసుకుని గుడ్డ మీద వరసగా పెట్టాడు. ఎండ దిగేలోపు బండి లేచింది.

"ఇంక ఇంటికి పోదాం పదన్నా."

"ఆ ఊరు ఇంకాస్త దూరమే. చూసొస్తాను."

వద్దనడానికి నోరు తెరిచి మానేశాను. ఆయన హెల్మెట్టు పెట్టుకుంటుంటే, మా ఇంట్లో ఎవరు బయల్దేరినా అనే మాటే నా నోట్లోంచి వచ్చింది.

"చేరగానే ఫోన్ చెయ్యి."

ఆయన హెల్మెట్టు తీసి, నన్ను చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

కిందకి దిగే లారీలో కిటికీ పక్కన కూర్చున్నాను. మలుపు మలుపుకీ ఫోను చూసుకున్నాను. సంచిలో ఆ పాత పిస్టను కడక్ కడక్ మంటోంది. చీకటి పడుతుండగా మోగింది.

"చేరాను" అన్నాడు లిఫ్టన్న.

బండి ఊసెత్తలేదు.