కరెంటు లేని పూట కెమెరాలో ఏడ్చిన బిడ్డ

నేను నమ్మని వాటి జాబితా రాస్తే తెనాలిలో మొదలై రేపల్లె దాకా సాగుతుంది. అందులో మొదటి పేరు దయ్యం, రెండోది మా బావమరిది. శ్మశానంలో చాప పరిచి పడుకోమన్నా పడుకుంటాను, దోమలు లేవంటే. అలాంటి నేను ఇది రాయాల్సి రావడమే నాకు ఒళ్ళుమంట.

మాది తెనాలి. నా ఉద్యోగం బాపట్లలో, మా ఆవిడది రేపల్లెలో. పొద్దున్నే చెరో దిక్కుకి వెళ్ళిపోతాం. నాకు నలభై నాలుగేళ్ళు వచ్చాక పుట్టిన మా పాప, తొమ్మిది నెలలది, సుగుణమ్మ చేతుల్లో ఉండేది. సుగుణమ్మ సొంతూరు కర్లపాలెం. తెనాలిలో చెల్లెలి ఇంట్లో ఉంటూ మా ఇంటికి వచ్చేది. యాభై దాటిన మనిషి. పాప ఆవిడ చంకెక్కితే నా దగ్గరికి రానని గోల పెట్టేది. నాకు అనుమానం రావడానికి ఆ ఒక్క నేరం చాలింది.

కెమెరా పెట్టించమన్నది బావమరిదే. షాపులో ఎన్ని రకాలు చూపించారంటే, పెళ్ళికి ముందు నేను చూసిన సంబంధాలన్నీ కలిపినా అన్ని లేవు. తల తిప్పేవి, చీకట్లో చూసేవి, పిల్ల ఏడిస్తే ఫోనుకి కబురు పెట్టేవి, మనం ఆఫీసులోంచి మాట్లాడితే ఇంట్లో వినిపించేవి. బ్యాటరీ ఉన్నది తీసుకోమన్నాడు షాపతను. చార్జింగ్ పెట్టడం మరిచిపోతామని నేనే వద్దన్నాను. ప్లగ్గులో పెడితేనే పనిచేసే రకం ఏరి ఏరి కొన్నాను.

మూడో రోజు ఆఫీసులో ఫోను తెరిస్తే బొమ్మ మధ్యలో గుమ్మడికాయంత నల్లమచ్చ. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే కెమెరా అద్దం మీద కాటుక చుక్క.

"అది రెప్పెయ్యకుండా పొద్దస్తమానం బిడ్డనే చూస్తందండి బాబుగారూ. దిష్టి తగలదేంటండి?" అంది సుగుణమ్మ. రోజూ స్నానం కాగానే పాప ఎడమ బుగ్గ మీద పెట్టే చుక్కే, దాని కంటికీ పెట్టింది.

ఏదో దాచడానికే ఈ వేషమనుకున్నాను. అద్దం తుడిచి, ఇంకోసారి దాని జోలికెళ్తే పనిలోంచి తీసేస్తానని ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాను. "అట్టాగేనండి" అంది, తల వంచుకుని.

మర్నాడు పదకొండుంబావుకి, పిల్ల ఏడుస్తోందని ఫోనుకి కబురు వచ్చింది. తెరిచాను. మా హాల్లో ఉయ్యాల, అందులో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. సుగుణమ్మ లేదు. కెమెరా తల అటూ ఇటూ తిప్పాను. ఎవరూ లేరు. ఆవిడకి ఫోను చేస్తే స్విచాఫ్. నేను వదిలిన ఊపిరికి ఆఫీసులో ఫైళ్ళు ఎగిరిపోయాయి. సాక్ష్యం ఉండాలని రికార్డు బటన్ నొక్కి, కెమెరా స్పీకర్లోంచి అరిచాను. "సుగుణమ్మా, ఎక్కడ చచ్చావ్?"

పాప ఏడుపు ఆపింది. నేరుగా కెమెరాలోకి చూసింది. మళ్ళీ మొదలుపెట్టింది.

మా ఆవిడకి చెప్పి, దొరికిన రైలెక్కాను. ఎదురింట్లో రిటైరైన టీచరుగారికి ఫోను చేయొచ్చు కదా అంటారు. మూడేళ్ళుగా ఎదురెదురుగా ఉంటున్నాం, ఆవిడ నంబరు నా దగ్గర లేదు. కెమెరా షాపు నంబరు మాత్రం ఉంది.

ఇంటికొచ్చేసరికి తలుపుకి తాళం. పాప ఎదురింటి అరుగు మీద సుగుణమ్మ ఒళ్ళో కూర్చుని పప్పన్నం తింటోంది. నేను వీధంతా వినేలా తిట్టాను. అనకూడనివి కూడా అన్నాను. వీడియో పెట్టి ఫోను ఆవిడ చేతిలో కుక్కాను.

మాట్లాడింది టీచరుగారు. "తమ్ముడూ, కాస్త ఆగు. స్తంభం మారుస్తున్నారని తొమ్మిదింటికే కరెంటు తీసేశారు. ఉక్కకి పిల్ల తట్టుకోలేదని అప్పుడే ఇక్కడికి తెచ్చింది. నా కళ్ళ ముందు నుంచి కదల్లేదు. కరెంటే లేకపోతే నీ కెమెరా ఎట్టా తిరిగిందయ్యా?"

వీధి చివర కరెంటువాళ్ళు ఇంకా నిచ్చెన మీదే ఉన్నారు. మాకు ఇన్వర్టరు లేదు. లోపలికెళ్ళి చూశాను. కెమెరాకి ఉండే చిన్న లైటు ఆరిపోయి ఉంది. చార్జింగ్ అయిపోయిన సుగుణమ్మ ఫోను ప్లగ్గుకి ఊరికే వేలాడుతోంది. ఉయ్యాలలో దుప్పటి మడత చెదరలేదు.

బయటికొచ్చేసరికి సుగుణమ్మ ఇంకా ఆ వీడియోనే చూస్తోంది. నా తిట్లకి ఏడవని మనిషి కళ్ళు అప్పుడు తడిశాయి.

"బాబుగారూ, ఈ బిడ్డెవరండి?"

అప్పుడు సరిగ్గా చూశాను. ఉయ్యాల మాదే, గోడ మాదే. ముఖం కూడా మా పాపదేనని ఇప్పటికీ ఒట్టేసి చెప్తాను. కానీ బుగ్గ మీద చుక్క లేదు. మా పాపకి పచ్చ గౌను. ఏడుస్తున్న పాపకి తెల్ల చొక్కా. అలాంటి చొక్కా మా ఇంట్లో లేదు.

షాపతను మెమరీ కార్డు తీసి, ఆ రోజు తొమ్మిది తర్వాత ఏమీ లేదన్నాడు. పాత రికార్డు వచ్చుంటుందన్నాడు. పాతవన్నీ తెరిపించాను. తెల్ల చొక్కా ఎక్కడా లేదు. నెట్ ప్రాబ్లమని బావమరిది తేల్చేశాడు. వాడి మొహాన కెమెరా విసరబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. పాత రికార్డయితే నేను అరవగానే ఆ పిల్ల ఎందుకు ఆగింది? కరెంటు లేని ఇంట్లో నా అరుపు ఎవరికి వినిపించింది?

సుగుణమ్మ ఆ సాయంత్రమే సంచి తీసుకుని సొంతూరికి వెళ్ళిపోయింది. పాప మూడు రోజులు గుమ్మం వైపే చూస్తూ అన్నం ముట్టలేదు. ఆదివారం క్షమాపణ చెప్పుకోడానికి కర్లపాలెం వెళ్ళాను. కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. నా తిట్ల ఊసెత్తలేదు. ఒకటే అడిగింది.

"ఆ బిడ్డ ఏడుపు మానిందాండి? ఎవరన్నా ఎత్తుకున్నారా?"

ఆ వీడియో నేను వెయ్యిసార్లు చూశాను. ఆవిడ తప్పు కోసం చూశాను, షాపువాడి తప్పు కోసం చూశాను. ఈ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు. రైలు నిడుబ్రోలు దాటాక సిగ్నల్ పోయి రికార్డు ఆగిపోయింది. అప్పటిదాకా ఎవరూ రాలేదని చెప్పాను.

సుగుణమ్మ లేచి సంచి సర్దుకుంది.

కెమెరా పీకేశాం. పాపకి ఏ లోటూ లేదు. కానీ రోజూ పదకొండుంబావు కాగానే, పాపని టీచరుగారికిచ్చి వచ్చి మరీ సుగుణమ్మ మా హాల్లో ఉయ్యాల ఊపుతుంది. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మా ఆవిడ ఒకసారి కసిరింది.

"ఖాళీదని మీకెవరు చెప్పారమ్మా?" అంది సుగుణమ్మ, చెయ్యి ఆపకుండానే.

అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. గట్టిగా అరవాలనిపిస్తుంది. ఎవరి మీద అరవాలో తెలియక ఊరుకుంటాను.