మా వదులమ్మ

మనిషికి సరిపోయే బట్ట ఒక్కటంటే ఒక్కటి కుట్టని దర్జీ దగ్గరికి వీధంతా ఎందుకు వచ్చేది? ఈ ప్రశ్నకి నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. జీవితమంతా పుస్తకాల్లో తల దూర్చి గడిపినదాన్ని. ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. ఆ దర్జీ మా అమ్మ. కొలతల టేపు ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. కొలతలు కూడా శ్రద్ధగానే తీసేది. భుజం, ఛాతీ, నడుము అన్నీ కొలిచి, సరే అన్నట్టు తల ఊపి, తీరా ఇంకెవరికో కుట్టేది. ఆ ఇంకెవరో అసలు మనిషి కన్నా ఎప్పుడూ రెండింతలుండేవాడు. వీధివాళ్ళు ఆవిడకి 'వదులమ్మ' అని పేరు పెట్టారు. తొంభై దాటి వెళ్ళిపోయేదాకా అమ్మ ఆ పేరుకే పలికింది.

నాన్న చిన్న వయసులోనే పోతే అక్కనీ నన్నూ తమ్ముడినీ ఆ కుట్టుమిషనే పెంచింది. దర్జీ పిల్లలం కాబట్టి బట్టలకి కొదవ లేదు. బట్టల్లో మేమే తక్కువయ్యేవాళ్ళం. నా బడి గౌనులోకి నేను దూరాక కూడా ఒక కథల పుస్తకం పట్టే చోటు మిగిలేది. నిజంగానే పుస్తకం అందులో దాచుకుని లెక్కల క్లాసులో కూర్చునేదాన్ని. ఓ రోజు టీచరు నన్ను లేపి నిలబెట్టి, "ఇందులో నువ్వొక్కదానివే ఉన్నావా, మీ అక్క కూడా ఉందా?" అని అడిగింది. ఇంటికొచ్చి ఏడ్చాను.

"పెరుగుతావు కదే," అంది అమ్మ.

"పెరిగేదాకా ఏం చెయ్యను?"

"భోంచెయ్యి."

వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. సన్నటి మనిషి. అన్నీ సెకన్ల లెక్కన జరగాలనేవాడు. కోటు కుట్టించుకుని, మర్నాడే దాన్ని తొడుక్కుని వచ్చేశాడు.

"అమ్మా, నేను కుడివైపు తిరిగితే ఈ కోటు తిరగట్లేదు."

"నువ్వు తిరిగావు కదా నాయనా. అదీ తిరుగుతుందిలే, తొందరేముంది?"

"నా గడియారాలు ఇంత ఆలస్యంగా నడిస్తే కొట్టు మూసుకోవాలి."

"గడియారం లావెక్కదు. నువ్వెక్కుతావు."

ఇంకోసారి ఈ గడప తొక్కనని గొణుక్కుంటూ పోయాడు. ఆ చలికాలం గడవకముందే ప్యాంటు గుడ్డ పట్టుకుని మళ్ళీ మా గుమ్మంలో నిలబడ్డాడు.

మా ఆయన అసలే రివట. గాలి వేసే రోజుల్లో చొక్కా ముందు ఇంటికి చేరేది, వెనకాల ఆయన వచ్చేవారు. పెళ్ళయిన కొత్తలో మొహమాటపడి నోరెత్తలేదు గానీ, చాలా ఏళ్ళకి ధైర్యం చేశారు.

"అత్తయ్యగారూ, నాకు నలభై నిండాయి. ఇంక పెరగనండీ."

"పొడుగే ఆగింది బాబూ. వెడల్పు మీరింకా మొదలే పెట్టలేదు."

మా అమ్మాయి పుట్టినప్పుడు అమ్మ ఆసుపత్రికి ఓ గౌను కుట్టి తెచ్చింది. నర్సు దాన్ని విప్పి చూసి, "ఇది పాపకా, పాప తల్లికా?" అంది. "పాపకే. నిదానంగా తొడుక్కుంటుందిలే," అంది అమ్మ. ఆ గౌను మా అమ్మాయి నిదానంగానే తొడుక్కుంది, పలకా బలపం పట్టుకున్నాక.

ఇంకో సంగతి. మనుషుల ఒంటి మీద అమ్మ ఎన్నడూ నింద వెయ్యలేదు. తప్పంతా గుడ్డదే. రొట్టెల కొట్టావిడ అప్పుడప్పుడూ గౌను చంకన పెట్టుకుని వచ్చేది.

"వదులమ్మా, ఇది బిగిసిపోయింది. లావయ్యాను కదూ?"

"నువ్వెందుకవుతావు? గుడ్డ కుంచించుకుపోయింది. వేణ్ణీళ్ళలో ఉతికావా?"

"లేదే."

"ఉతికే ఉంటావు. సాయంత్రం రా."

సాయంత్రానికి గౌను మళ్ళీ వదులయ్యేది. మా అమ్మ హయాంలో మా వీధిలో ఎవ్వరూ లావెక్కలేదు. గుడ్డలే పాపం చిక్కిపోయేవి. ఒకసారి మా తమ్ముడు బెల్టు పట్టట్లేదంటే తోలుకి కూడా అదే నేరం అంటగట్టింది.

ఇదంతా నవ్వుకోవడానికే అనుకుంటూ వచ్చాను, మా అమ్మాయికి జబ్బు చేసేదాకా.

మా అమ్మాయి స్కూల్లో టీచరు. ఆ ఉద్యోగమంటే దానికి ప్రాణం. జ్వరం మగతలో కూడా పిల్లల హాజరు పిలిచేది. జబ్బయితే తగ్గింది గానీ నెలల తరబడి మింగిన మందులకి ఒళ్ళంతా పొంగిపోయింది. సోమవారం వచ్చి చేరకపోతే ఇంకొకర్ని తీసుకుంటామని స్కూలువాళ్ళు కబురు పెట్టారు. శుక్రవారం సాయంత్రం అది మా అమ్మ కుట్టిన నీలం చొక్కా తొడుక్కుని చూసుకుంది. బొత్తాలు కాజాల దాకా చేరలేదు. మిగతా రెండు చొక్కాలూ అంతే. అన్నీ బీరువాలో పడేసి మంచం మీద కూర్చుంది.

"రానని ఫోన్ చేసి చెప్పెయ్యమ్మా."

"కొత్తవి కొందాం పద."

"కొట్లో నిలబడి ఏ సైజని అడగను? బట్టలే నన్ను గుర్తుపట్టట్లేదు. పిల్లలేం గుర్తుపడతారు?"

ధైర్యం చెప్పబోయాను. నాకు తోచిన మాటలన్నీ ఎక్కడో చదివినవే. ఒక్కటీ దానికి సరిపోలేదు. లేచి వెళ్ళి అమ్మకి ఫోన్ చేశాను.

శనివారం పొద్దున్నే అమ్మ బస్సు దిగింది. చేతిలో కత్తెర పెట్టె ఉంది. మనవరాలిని ఎగాదిగా చూసి, "ఏమే, జుట్టు దువ్వుకోవా?" అంది. ఆ రోజు ఆసుపత్రిలో చూపించుకోవాల్సిన రోజు. తండ్రీకూతుళ్ళు అటు గడప దాటారో లేదో, అమ్మ ఇటు బీరువా తెరిచింది.

"మిషను సూదిలో దారం ఎక్కించు. నాకు బెజ్జం కనపడదు."

నా పెళ్ళికి ఇచ్చిన మిషను అది. నేనెప్పుడూ దాని మీద పుస్తకాలు పెట్టుకోవడమే. పుస్తకాలు దించాను. అమ్మ నీలం చొక్కా తిరగేసి పక్క కుట్టు విప్పింది. లోపల ఒద్దికగా మడిచిపెట్టి నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ ఉంది. మిగతా రెంటిలోనూ అంతే. పైకి కనిపించి మేం నవ్వుకున్న వదులు సగమే. తక్కిన సగం లోపల దాచింది.

"ఇదంతా ఎప్పుడు వదిలావమ్మా?"

"కుట్టినప్పుడే. కత్తిరించేశాక ఎక్కణ్ణుంచి తెస్తాను?"

"దీనికి జబ్బు చేస్తుందని నీకేం తెలుసు?"

"జోస్యం చెప్పేదాన్నా నేను? పిల్లల్ని కంటారు, జబ్బు పడతారు, లేకపోతే హాయిగా తిని కూర్చుంటారు. ఏదో ఒకటవుతుంది. ఆ రోజున బట్ట మనిషిని పొమ్మనకూడదు కదా."

లోపలి గుడ్డ బయటికి తీసి అంచున మళ్ళీ కుట్టేసరికి, పాత కుట్టు బెజ్జాలు చుక్కల్లా వరసగా కనిపించాయి. తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె నొక్కితే అవి పూడుకుపోయాయి. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. ఇన్నాళ్ళూ ఎండ తగలకుండా లోపలున్న గుడ్డ ముదురు నీలంగా ఉండిపోయింది. చంక కింద నుంచి నిలువునా చారలా తేలింది.

"చెయ్యెత్తితే కనిపిస్తుందమ్మా."

"క్లాసులో చెయ్యెత్తేది పిల్లలు కదే. టీచరెందుకెత్తుతుంది?"

"బోర్డు మీద రాయొద్దూ?"

"కిందకి రాయమను. ముందు బెంచీవాళ్ళకి మెడనొప్పి తగ్గుతుంది."

వాళ్ళు తిరిగొచ్చేసరికి మూడు చొక్కాలూ మడతలు పెట్టి బీరువాలో ఉన్నాయి. నా పుస్తకాలు మళ్ళీ మిషను మీద ఉన్నాయి.

"దానికేం చెప్పకు," అంది అమ్మ.

"అడిగితే?"

"ఇన్ని కథలు చదివావు. ఒక్క అబద్ధం అల్లలేవా?"

ఆదివారమంతా అల్లాను. సోమవారం పొద్దున్న, "ఒక్కసారి తొడుక్కుని చూడు, పట్టకపోతే నేనే ఫోన్ చేస్తాను," అని బతిమాలితే మా అమ్మాయి విసుక్కుంటూ నీలం చొక్కా అందుకుంది. బొత్తాలు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. ఆఖరిది పెట్టుకుని అది నా వైపు తిరిగింది.

"మొన్న పట్టలేదుగా?"

అల్లిన అబద్ధాలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

"గుడ్డ... సాగినట్టుంది," అన్నాను.

అద్దంలో చూసుకుంటూ, జుట్టు ముడేసుకోవడానికి అది రెండు చేతులూ ఎత్తింది. చార కనిపించింది. నేను గభాల్న గోడ వైపు తిరిగాను. కాసేపటికి ఓరగా చూస్తే దాని కళ్ళు ఇంకా ఆ చార మీదే ఉన్నాయి. చేతులు మెల్లగా దించి, చొక్కా అంచు సర్దుకుంది.

"అవునమ్మా. సాగినట్టే ఉంది." దాని పెదవి చివర నవ్వు ఆగట్లేదు. బల్ల మీది సంచీ తీసి భుజాన వేసుకుంది. "అమ్మమ్మకి చెప్పి వెళ్తాను."

గదిలో అమ్మ లేదు. దుప్పటి మడత పెట్టి ఉంది, దాని మీద నీలం దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే కింద బస్టాపులో కనిపించింది.

"చూడు, దొంగలా ఎలా పోతోందో," అంటూ మా అమ్మాయి మెట్లు దిగి పరిగెత్తింది. అది గేటు దాటేసరికి బస్సొచ్చింది. అమ్మ ఆ వయసులో అంత చురుగ్గా బస్సెక్కడం నేనెప్పుడూ చూడలేదు. వెనక్కి తిరగలేదు. మా వైపు కిటికీ సీట్లన్నీ ఖాళీగా ఉన్నా, అవతలి వైపు వెళ్ళి కూర్చుంది.