కోయనివ్వని గడ్డి

మా బావకి పొడుగంటే పిచ్చి. మనిషి మాత్రం మా అక్క భుజం దాకా వస్తాడు. ఇల్లు ఒకటిన్నర గది. దాని ముందు లారీ పట్టేంత గేటు పెట్టించాడు. వెల్డింగు చేసేవాడు ఉండబట్టలేక, "ఇంత గేటులోంచి లోపలికి ఏమొస్తుంది సార్?" అని అడిగితే, "వస్తుందిలే, నువ్వు పెట్టు" అన్నాడు. ఏళ్ళ తరబడి ఆ గేటులోంచి ఆయన సైకిలు తప్ప ఏదీ రాలేదు. రెండో రెక్క గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

ఉద్యోగాలు చేయలేదని కాదు. టైర్ల కొట్టులో ఓనరు గౌరవంగా పిలవలేదని మానేశాడు. గోడౌనులో కాటా దగ్గర కూర్చోబెడితే, తానే సూపర్‌వైజర్నని వీధి వీధంతా చెప్పుకున్నాడు. ఆ మాట అసలు సూపర్‌వైజరు చెవిన పడి అదీ ఊడింది. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని కబుర్లు చెప్పడమే ఆయన పని. ఆ కబుర్లకి టీ కాచిపోయడం అక్క పని.

ఇల్లు నడిచింది అక్క అమ్మే పాల మీద. రెండు ఆవులుండేవి. పెద్దది కొన్నది. రెండోది చుక్క, నుదుటి మీద తెల్లమచ్చ. ఈనగానే తల్లి చచ్చిపోతే అక్క దానికి సీసాతో పాలు పట్టి బతికించింది. వంటింట్లో అక్క దగ్గినా సరే, కొట్టంలో అది తల ఇటు తిప్పేది.

ఇంటి వెనక కాలవ పక్కనున్న చేనులో ఏనుగు గడ్డి వేసింది కూడా అక్కే. కణుపులున్న ముక్కలు వాలుగా గుచ్చి, పేడ ఎరువు వేసి, నీళ్ళు పెట్టి పెంచింది. నడుము దాటి ఛాతీ దాకా రాగానే మొదలంటా కోసేది. మళ్ళీ పిలకలు వేసేది. లేతగా ఉంటే ఆవులు కాడతో సహా నమిలేస్తాయి, ముదిరితే మూతి తిప్పేసుకుంటాయి. ఇందులో పెద్ద విద్యేం లేదు, ఆవు మేస్తుంటే చూసినవాడెవడికైనా తెలుస్తుంది. బావ ఎప్పుడూ చూడలేదు.

ఇంతలో కరెంటు ఫ్యాక్టరీ నుంచి ఒకాయన గడ్డి కొంటామంటూ వచ్చాడు. మర్యాదగల మనిషి, విడమరిచి చెప్పాడు. "దీన్ని బాయిలర్లో కాల్చి కరెంటు తీస్తామండీ. మనిషికి రెండింతలు పెరగనివ్వండి, కాండం గట్టిపడాలి. కోతకి ముందు మాత్రం నీళ్ళు ఆపేసి, నిలబడినదాన్ని నిలబడినట్టే ఎండనివ్వండి." ఆఖరి మాట అక్క విన్నది, నేనూ విన్నాను. బావ వినలేదు. అప్పుడాయన, "మా గడ్డిలో నిజంగా ఏనుగే దాక్కున్నా కనపడదు సార్!" అని చెప్పడంలో మునిగి ఉన్నాడు.

ఆ రోజు నుంచి చేనులో కొడవలి పెట్టడానికి వీల్లేదన్నాడు.

"ఏమండీ, ఒక్క మూలైనా వదలండి. ఆవులకి ఏం వెయ్యను?" అంది అక్క.

"ఎంతసేపూ ఆవులు, ఆవులు! ఫ్యాక్టరీకి పోయే సరుకుని పేడ చేస్తావా?"

కొడవలి తీసుకెళ్ళి తన పరుపు కింద దాచుకున్నాడు. పొద్దున్నే గడ్డిలో నిలబడి చెయ్యి పైకెత్తి, దారినపోయేవాళ్ళని ఆపి, "చూశారా, నాకే అందట్లేదు!" అనేవాడు. ఆయనకి ఇంట్లో అటకే అందదు. చేనుకి నీళ్ళు పెట్టే మోటారు మాత్రం రోజూ ఆడేది.

"బావా, ఆయన నీళ్ళు ఆపమన్నాడు. అక్క కూడా విన్నది" అన్నాను.

"నీళ్ళాపితే పెరుగుతుందట్రా? బట్టలు కుట్టుకునేవాడివి, చేను సంగతి నీకెందుకు? అయినా మీరిద్దరూ ఒక తల్లి పిల్లలు, ఒకటే పాట పాడతారు."

అక్క గోతం పట్టుకుని రోడ్ల పక్కన కలుపు పీక్కొచ్చి వేసేది. అది ఏ మూలకి? పాలు తగ్గాయి, వాడికగా పోయించుకునేవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దావుని అమ్మేసింది. చుక్క అప్పటికి చూలుతో ఉంది, డొక్కలు పీక్కుపోయాయి. "దీన్ని మాత్రం అమ్మనురా. లారీ వచ్చి గడ్డి పట్టుకుపోతే చాలు, దాణా కొనేస్తాను" అంది. నాకు బావ మీద ఒళ్ళు మండిపోయింది. కానీ అక్క నా చేతులు పట్టుకుని, "లారీ వచ్చేదాకా ఏమీ అనకు" అంది.

లారీ వచ్చింది. బావ నేను కుట్టిన చొక్కా వేసుకుని, గడియకి నూనె పోసి, రాయితో కొట్టి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. ఫ్యాక్టరీ ఆయన చేనులోకి వెళ్ళి ఒక కాండం విరిచి మెలిపెట్టాడు. నీళ్ళు మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి కారాయి.

"ఇదేంటండీ? నీళ్ళు ఆపమన్నానుగా?"

"ఎత్తు చూడండి సార్, ఎత్తు!"

"ఎత్తు నేనేం చేసుకోను? ఇది వేస్తే బాయిలరు ఆరిపోతుంది."

"ఎండబెట్టిస్తాం సార్."

"రేపో మాపో వానలు. ఎక్కడ ఎండబెడతారు?"

వచ్చిన లారీ వచ్చినట్టే ఖాళీగా వెనక్కి పోయింది. బావ, "వాడి మొహం, వాడికేం తెలుసు" అని లోపలికెళ్ళి, పరుపు కింద నుంచి కొడవలి తీసి, దానం చేస్తున్నట్టు అక్క చేతిలో పెట్టాడు. "పోనీలే, నీ ఆవుకే వేసుకో."

అక్క కోసింది. ముదురు ఆకు అంచులు చేతుల నిండా గీరాయి. చుక్క వాసన చూసింది, కొసలు నాలుగు కొరికింది, మిగతాది అలాగే వదిలేసి అక్క మొహంలోకి చూసింది.

"కడుపుతో ఉన్నదాన్ని మాడ్చలేనురా" అని, మలుపులో ఉన్న పాలాయనకి కబురు పెట్టింది. గేటు ఇంకా తెరిచే ఉంది, మూయడం ఎవరికీ గుర్తులేదు. చుక్క అందులోంచే వెళ్ళిపోయింది. అక్క వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

వానలకి ముందు అక్క చేనంతా మొదలంటా కొట్టేసింది. వానలు పడ్డాక పిలకలొచ్చి, గడ్డి ఛాతీ దాకా లేతగా లేచింది. కొట్టం ఖాళీ. ఒకరోజు పాలాయనే వచ్చాడు. "అమ్మా, ఆవుకి ఈనే రోజులు దగ్గరపడ్డాయి, మా మేత సరిగ్గా ముట్టట్లేదు. మీ గడ్డి కాస్త ఇస్తారా?" అప్పటి నుంచి రోజూ అక్కే మోపు కట్టి, తల మీద పెట్టుకుని, అతని కొట్టానికి మోసుకెళ్ళి వేసొస్తోంది.

నిన్న నేను వెళ్ళేసరికి బావ గేటు దగ్గర ఎవరినో ఆపి మాట్లాడుతున్నాడు. అక్క మోపుతో పక్కనుంచే వెళ్తోంది. "అదిగో, చూడండి! మా గడ్డి తప్ప పాలాయన ఆవు ఇంకోటి ముట్టదు!" అన్నాడు.

అక్క ఆగింది. "దాని పేరు చుక్క" అంది.

బావ వినలేదు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.