పచ్చి కందుల్లో రెండో గీత

మార్కెట్ నుంచి తెచ్చిన పచ్చి కందికాయ ఒలుస్తుంటే ఆ పసరు వాసన ముక్కుకు తగులుతుంది, నాకు కోపం వస్తుంది. సిద్దిపేటలో నేను డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీ ల్యాబు నిండా ఇదే వాసన. గింజ తనలో దాచుకునే ప్రోటీన్ తయారయ్యేది అది పచ్చిగా ఉన్నప్పుడే, దాని ఆర్‌ఎన్‌ఏ బాగా దొరికేదీ అప్పుడే అని మల్లేశం సార్ మాతో బుట్టలకొద్దీ ఒలిపించేవారు.

ఆయన కాంట్రాక్టు లెక్చరర్. ఇంటికి ఆధారం ఆ ఒక్క జీతమే. జీన్ మధ్యమధ్యలో ప్రోటీన్‌కు అక్కరలేని ముక్కలుంటాయని, వాటిని ఇంట్రాన్లంటారని, కణం ఆర్‌ఎన్‌ఏలోంచి వాటిని కత్తిరించి మిగతావి అతుకుతుందని పుస్తకంలో ఉంది. దాన్ని కళ్లతో చూపించాలన్నది ఆయన పంతం. ముక్కలను పొడవును బట్టి విడదీసి గీతలుగా చూపించే జెల్ మీద డీఎన్‌ఏ వరుసలో పొడుగు ముక్క గీత పైన పడాలి, ఆర్‌ఎన్‌ఏ వరుసలో పొట్టి ముక్క గీత కింద పడాలి. నేను తీసిన జెల్ ఫొటోలో ఆర్‌ఎన్‌ఏ వరుసలో రెండూ పడ్డాయి.

మరునాడు తనిఖీ బృందం వస్తోంది. ప్రిన్సిపాల్ ఫొటో చూశాడు.

"మల్లేశం, గా పై గీత తీసెయ్. కంప్యూటర్ల ఒక్క నిమిషం పని."

"తీసెయ్య సార్. అదేందో మాకింక తెల్వదు. ఇంట్రాన్ కత్తిరించని ఆర్‌ఎన్‌ఏ కావచ్చు, మా చేతుల కలిసిన డీఎన్‌ఏ కావచ్చు."

"నీ కాంట్రాక్టు గీ నెలతోటి ఖతమైతది. యాదున్నదా?"

"ఉన్నది సార్."

బృందం ముందు సార్ ఆ గీతను వేలుపెట్టి చూపించి, అదేమిటో ఇంకా తెలియదన్న మాటే చెప్పారు. నెలాఖరుకు ఆయన్ని తీసేశారు. వెళ్లే ముందు రోజు నాతో మళ్లీ పరీక్ష పెట్టించారు, ఈసారి ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్ వేయకుండా. ఈ పరీక్షలో గీత పడేది డీఎన్‌ఏకే కాబట్టి, అది లేకపోతే ఆర్‌ఎన్‌ఏ నుంచి ఏ గీతా రాకూడదు. పై గీత వచ్చింది. అంటే అది కలిసిన డీఎన్‌ఏ. మా మురికి.

"గీ మురికి కోసమా సార్, మీ నౌకరి పోయింది?" అని అరిచాను.

ఆయన నవ్వారు. "మురికని తేలింది గదరా! నిన్న తెల్వకుండె. ఒలువు, ఇంకో బుట్టున్నది. ఈసారి సాఫ్ జేసి పెడ్దం."

ప్రిన్సిపాల్‌ను నేను క్షమించలేదు. ఆ నవ్వును కూడా క్షమించలేదు. ఇప్పుడు ఒక విత్తన పరీక్షశాలలో పనిచేస్తున్నాను. ఎవరైనా ఫొటోను కొంచెం సవరిద్దామంటే నా గొంతు లేస్తుంది. కోపిష్టి అని పేరు పడింది. ఆ రోజు సార్‌కు రావలసిన కోపం ఆయనకు రాలేదు. అది నా దగ్గర ఉండిపోయింది. తగ్గించుకునే ఉద్దేశం లేదు.